చెల్లెలి మరణం, అడయారు ఆస్పత్రి

మద్రాసు వైపు ఉన్న మనవారికి అడయారు క్యాన్సర్ ఆస్పత్రి తెలియనిది కాదు. దానిని స్థాపించినవారు డాక్టర్ ముత్తులక్ష్మీరెడ్డి గారు. 1886లో పుదుక్కోట సంస్థానంలో జన్మించి, 1912లో మద్రాసు వైద్య కళాశాలలో పట్టా పొందారు. శాసనమండలి ఉపాధ్యక్షురాలిగా దేవదాసీ ఆచారంపై ఆమె చేసిన పోరాటం చాలామంది ఎరిగినదే.

అంతగా ఎరుగనిది ఆమె చెల్లెలి సంగతి. మొదట జిగట విరేచనాలనుకొని వైద్యం చేశారు. పెద్దప్రేగు చివరన పుట్టిన క్యాన్సర్ అని తేలేసరికి వ్యాధి ముదిరింది. 1923లో ఆ చెల్లెలు కన్నుమూసింది. ఇంట డాక్టరుండి కూడా! నర్సింగు చదివే మన పిల్లలు వ్యాధి దశ అని పాఠంలో చదివేది ఇదే: గడ్డ ఎంత పెరిగింది, చుట్టుపక్కల బిళ్లలకు ప్రాకిందా, దూరపు అవయవాలకు చేరిందా అని. మలంలో రక్తం పడుతున్నదని రోగి చెప్పినప్పుడు మొలలేలే అని పంపివేయరాదు.

ఆ దుఃఖం ముప్పయి ఏండ్లు ఆమెను వదలలేదు. తోటి మహిళలతో కలసి చందాలు పోగుచేశారు. 1952లో నెహ్రూగారు శంకుస్థాపన చేయగా, 1954 జూన్‌లో 12 మంచాలతో ఆస్పత్రి తెరచుకుంది. కుమారుడు డాక్టర్ కృష్ణమూర్తి గారు దానిని నడిపారు. 1968లో ఆమె గతించారు. 1955లో అక్కడ చేరిన డాక్టర్ శాంత గారు 2021లో మరణించేవరకు ఆ ఆస్పత్రినే అంటిపెట్టుకొని ఉన్నారు.