ఎక్స్‌రేలో టీబీలా కనిపించింది.. టీబీ కాదు! ఆరోగ్యవరం డాక్టర్ మోలర్ కథ

మదనపల్లె పక్కన ఆరోగ్యవరం అంటే రాయలసీమ పెద్దవాళ్లకు ఇప్పటికీ టీబీ ఆస్పత్రే గుర్తొస్తుంది. చల్లగా, పొడిగా ఉండే ఆ కొండ ప్రాంతంలో అనేక క్రైస్తవ మిషన్లు కలిసి 1915లో ఈ శానిటోరియం తెరిచాయి. దాన్ని నిలబెట్టిన మనిషి డెన్మార్క్ నుంచి వచ్చిన డాక్టర్ క్రిస్టియన్ ఫ్రిమాట్ మోలర్.

అప్పటికి టీబీకి మందు లేదు. మంచి తిండి, మంచి గాలి, నెలల తరబడి మంచం మీద విశ్రాంతి. కొందరికి ఛాతీలోకి గాలి ఎక్కించి, జబ్బుపడ్డ ఊపిరితిత్తిని ముడుచుకునేలా చేసేవారు. ఇక ఇంట్లో ఒకరికి టీబీ అని తేలితే బంధువుల రాకపోకలు తగ్గిపోతాయి, ఆడపిల్లల నిఖా మాటలు ఆగిపోతాయి. మన ఇళ్లలో ఈ సంగతి ఎవరికీ వేరే చెప్పక్కర్లేదు. అందుకే ఆ ముద్ర తప్పుగా పడకూడదు.

మోలర్‌కు కొందరు రోగుల దగ్గర లెక్క కుదరలేదు. ఎక్స్‌రేలో రెండు ఊపిరితిత్తుల నిండా ఆవాలు చల్లినట్టు సన్నటి మచ్చలు. చూస్తే ప్రాణం తీసే మిలియరీ టీబీయే అనిపిస్తుంది. కానీ కళ్లెలో టీబీ క్రిములు లేవు, మనిషి కూడా అంతగా చిక్కిపోలేదు. రక్తం పరీక్షిస్తే ఇయోసినోఫిల్స్ అనే తెల్లకణాలు విపరీతంగా ఉన్నాయి. 1940లో ఆయన, డాక్టర్ బార్టన్ కలిసి ఇండియన్ మెడికల్ గెజిట్‌లో దీని గురించి రాశారు: ఇది టీబీలా కనిపించే వేరే జబ్బు అని. ఫిల్మ్ ఒక్కటే చూసి తీర్పు చెప్పేయకుండా రక్తం కూడా చూడటమే ఇందులో అసలు గొప్ప, నన్నడిగితే.

1943లో వైన్‌గార్టెన్ అనే డాక్టర్ ఇదే జబ్బుకు ట్రాపికల్ ఇయోసినోఫిలియా అని పేరు పెట్టారు. రాత్రిపూట ఎక్కువయ్యే దగ్గు, పిల్లికూతలు దీని గుర్తులు. పేరు మాత్రం వైన్‌గార్టెన్‌కే దక్కింది, మదనపల్లె వెనకబడిపోయింది.

కారణం చాలా ఏళ్ల తర్వాత గానీ తేలలేదు. దోమకాటుతో వచ్చే ఫైలేరియా పురుగు పిల్లలు ఊపిరితిత్తుల్లో చిక్కుకుంటే, ఒళ్లు వాటి మీద అతిగా తిరగబడుతుంది. అదే ఈ జబ్బు. మందు డీఈసీ, సాధారణంగా మూడు వారాల కోర్సు. బోదకాలు రాకుండా మన జిల్లాల్లో ఇంటింటికీ తిరిగి మింగించే మాత్రల్లో ఉండేది ఆ మందే.

మోలర్ తర్వాత ఆయన కొడుకు డాక్టర్ యోహానెస్ కూడా ఆరోగ్యవరంలోనే ఉండి టీబీ మీద పనిచేశారు.