రూథర్‌ఫర్డ్: పరమాణువు ఎప్పుడు విరుగుతుందో తెలీదు.. కానీ రాయి వయసు లెక్కగట్టారు!

1904, లండన్. రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో మాట్లాడటానికి వచ్చిన 32 ఏళ్ల ఎర్నెస్ట్ రూథర్‌ఫర్డ్ జనంలోకి చూసి షాకయ్యారు. ఎదురుగా లార్డ్ కెల్విన్! భూమి వయసు 2 నుంచి 4 కోట్ల ఏళ్లేనని తేల్చిన పెద్దాయన. ఆ లెక్క కుదరదని ఈయన చెప్పబోతున్నారు. అదృష్టం.. కెల్విన్ కునుకు తీశారు. అసలు పాయింట్ రాగానే కళ్లు తెరిచారు! కొత్త వేడి ఏదీ దొరకనంత వరకే తన లెక్క అని కెల్విన్ ముందే చెప్పారంటూ రూథర్‌ఫర్డ్ క్రెడిట్ ఆయనకే ఇచ్చేశారు. పెద్దాయన ముఖం వెలిగిపోయింది.

రూథర్‌ఫర్డ్ 1871లో న్యూజిలాండ్‌లో పుట్టారు. 12 మంది పిల్లల్లో నాలుగోవాడు. స్కాలర్‌షిప్ మీద కేంబ్రిడ్జ్, అక్కడి నుంచి కెనడాలో ప్రొఫెసర్ ఉద్యోగం. అక్కడే థోరియం నుంచి వచ్చే వాయువులో ఓ వింత గమనించారు. దాదాపు నిమిషానికోసారి దాని రేడియోధార్మికత సగానికి పడిపోతోంది. ఇదే హాఫ్ లైఫ్. 1908లో నోబెల్ వచ్చింది.. ఫిజిక్స్ ఆయనకి కెమిస్ట్రీలో!

మరి ఏ పరమాణువు ఎప్పుడు విరుగుతుంది? 1910లో మాంచెస్టర్‌లో గైగర్‌తో కలిసి పొలోనియం ఆల్ఫా కణాల్ని లెక్కపెట్టారు. ఏడున్నర సెకన్ల చొప్పున 2,608 సార్లు, మొత్తం 10,097 కణాలు. ఒకసారి ఒక్కటీ రాదు, ఇంకోసారి పదికి పైనే. లాటరీ లెక్క ఎలా ఉండాలో అచ్చం అలాగే ఉంది.

లాటరీని గడియారంగా ఎలా నమ్మాలి అంటారా? ఒక్క నాణెం బొమ్మా బొరుసా చెప్పలేం. కోటి నాణేలు ఎగరేస్తే దాదాపు సగం బొమ్మే. చిన్న రాయిలోనూ కోటానుకోట్ల పరమాణువులు ఉంటాయి మరి.

చిక్కంతా వేరేచోట ఉంది. యురేనియం ఖనిజంలో పేరుకున్న హీలియం కొలిచి రూథర్‌ఫర్డ్ 50 కోట్ల ఏళ్ల దాకా తేల్చారు. కానీ హీలియం వాయువు, మెల్లగా బయటికి పోతుంది. దాంతో రాయి అసలు వయసు కంటే చిన్నదిగా కనిపిస్తుంది. అందుకే అది కనీస వయసేనని ఆయనే ఒప్పుకున్నారు. దీంతో తర్వాతివాళ్లు సీసం వైపు మళ్లారు. అది హీలియంలా తేలిగ్గా జారిపోదు. 1956లో ప్యాటర్సన్ ఉల్కల్లోని సీసంతోనే భూమి వయసు 455 కోట్ల ఏళ్లని తేల్చారు.

అది చూడటానికి రూథర్‌ఫర్డ్ లేరు, 1937లోనే కన్నుమూశారు. వెస్ట్‌మినిస్టర్ అబ్బేలో ఆయన అస్థికలు ఉంచింది ఎక్కడో తెలుసా? న్యూటన్ సమాధి దగ్గర.. కెల్విన్ పక్కనే!