17 దిర్హమ్‌ల సంసారం

పెద్ద నగరంలో చిన్న ఆదాయంతో ఇల్లు నడపడం ఎంత కష్టమో మనలో చాలామందికి అనుభవమే. దాదాపు పన్నెండు వందల ఏళ్ల క్రితం బాగ్దాద్ నగరంలో ఇదే పరీక్షను ఎదుర్కొన్న ఒక మహనీయుని సంసారం ఎలా సాగిందో తెలుసుకుందాం.

ఇమామ్ అహ్మద్ బిన్ హంబల్ (రహ్మలై) హి.శ. 164 (క్రీ.శ. 780)లో బాగ్దాద్‌లో జన్మించారు. అబ్బాసీ ఖలీఫాల రాజధాని అయిన ఆ నగరంలోకి దేశదేశాల సంపద వచ్చిపడేది. రాజభవనాల వైభవం ఒకవైపు, సామాన్యుల కష్టాలు మరోవైపు. ఇమామ్ గారి తండ్రి ముహమ్మద్ చిన్న వయసులోనే మరణించారు. తల్లి సఫియ్యా ఆయన్ను పెంచి పెద్దచేశారు. తండ్రి వదిలి వెళ్లిన ఆస్తి ఉండటానికి ఒక ఇల్లు, అద్దెకిచ్చుకోవడానికి కొన్ని నేతశాలలు మాత్రమే.

ఆ ఆస్తిపై వచ్చే రాబడి నెలకు 17 దిర్హమ్‌లని చరిత్రకారులు ఇబ్నె కసీర్ (రహ్మలై) రాశారు. ఇమామ్ గారు దాన్నే ఆలుబిడ్డల మీద ఖర్చు పెట్టుకుంటూ తృప్తిగా ఉండేవారు. అది చాలని రోజుల్లో ఒళ్లు వంచి పనిచేసేవారు. యువకుడిగా హదీసు విద్య కోసం యమన్ వెళ్లేటప్పుడు దారి ఖర్చులు లేక ఒంటెలవాళ్ల దగ్గర కూలికి కుదిరారు. అక్కడ గురువు అబ్దుర్రజ్జాఖ్ (రహ్మలై) ప్రేమతో ఇవ్వబోయిన డబ్బును సైతం వినయంగా కాదన్నారు.

ఆ ఇంటి వంట గురించి పెద్ద కుమారుడు సాలిహ్ చెప్పిన వివరాలు నేటికీ గ్రంథాల్లో ఉన్నాయి. ఎండిపోయిన రొట్టె ముక్కల దుమ్ము దులిపి, నీళ్లలో నానబెట్టి, ఉప్పుతో తినేవారు ఇమామ్ గారు. దానిమ్మ వంటి ఖరీదైన పండ్ల జోలికి పోయేవారు కాదు. ఎప్పుడైనా కొంటే కర్బూజానో, ద్రాక్షో, ఖర్జూరమో కొనేవారు. పిల్లల కోసం మట్టికుండలో పప్పు, కొవ్వు, ఖర్జూరాలు కలిపి వండించేవారు. ఒక కుమారుడు పుట్టినప్పుడు చేతిలో ఉన్నది ఒకే ఒక్క దిర్హమ్. దాంతో తలకాయ మాంసం తెప్పించి ఇంటిల్లిపాదీ సంతోషించారు.

ఇలా పొదుపుగా ఉన్నారంటే మాసిన బట్టలతో తిరిగేవారని అనుకోకూడదు. ఆయన వేసుకునే దుస్తులు మామూలువే గాని, అంత తెల్లగా, శుభ్రంగా ఉండే బట్టలు మరొకరి ఒంటిమీద చూడలేదని శిష్యులు చెప్పుకునేవారు.

ఇల్లాలి సహకారం లేనిదే ఇలాంటి సంసారం సాగదు. నగరంలో ధరలు మండిపోయిన రోజుల్లో సాలిహ్ తల్లి సన్నని నూలు వడికి అమ్మేవారు. కొద్దిపాటి నూలుకు రెండు దిర్హమ్‌లో, అంతకు కాస్త అటూఇటో వచ్చేవి. అదే తమకు కూడు పెట్టిందని ఇమామ్ గారు తర్వాత కుమారుడికి గుర్తుచేసేవారు. ఆ దంపతుల మధ్య ఏనాడూ మాట తేడా రాలేదని కూడా చెప్పేవారు.

ఈ కొద్దిపాటి ఖర్చు ఎంత పెద్ద బలమో హి.శ. 218 (క్రీ.శ. 833)లో బయటపడింది. ఖుర్ఆన్ సృష్టించబడిందనే వాదాన్ని ఉలమాలందరూ ఒప్పుకోవాలని ఖలీఫా మామూన్ ఆజ్ఞాపించాడు. ఒప్పుకోని వారికి కొలువులు, భత్యాలు పోతాయన్న భయం పట్టుకుంది. ప్రాణభయం కూడా తోడయింది. చాలామంది తలవంచారు. ఇమామ్ గారి నుంచి లాక్కోవడానికి కొలువూ లేదు, భత్యమూ లేదు. మిగిలింది శరీరమే. సుమారు 28 నెలలు చెరసాలలో ఉంచారు. ముఅతసిమ్ కాలంలో స్పృహ తప్పేదాకా కొరడాలతో కొట్టారు. అయినా ఆయన మాట మారలేదు.

తర్వాత ఖలీఫా అయిన ముతవక్కిల్ ఆ నిర్బంధాన్ని తొలగించి, ఇమామ్ గారిని ఎంతో గౌరవించాడు. పదివేల దిర్హమ్‌లు పంపాడు. ఇమామ్ గారికి ఆ రాత్రి నిద్రపట్టలేదు. తెల్లవారగానే అవసరంలో ఉన్నవారికి పంచివేసి, చివరికి ఆ సంచిని కూడా దానం చేశారు. కొరడా దెబ్బల కన్నా ఈ సిరి ఆయనకు గట్టి పరీక్ష అనిపించింది.

ఆయన కుటుంబానికి నెలకు నాలుగు వేల దిర్హమ్‌లు ఇవ్వాలని కూడా ఖలీఫా ఆదేశించాడు. సాలిహ్ ఇంట పిల్లలు ఎక్కువ, రాబడి తక్కువ. ఆయన ఆ భత్యం తీసుకున్నారు. తండ్రి ఎంతో బాధపడి, రెండు ఇళ్ల మధ్య ఉన్న తలుపును మూయించివేశారు. కొడుకు పొయ్యిలో కాల్చిన రొట్టెను కూడా ముట్టలేదు. తృప్తి అనేది తండ్రి నుంచి కొడుక్కి ఆస్తిలా దానంతటదే రాదు. ఎవరికి వారు అలవరచుకోవలసిందే.

హి.శ. 241 (క్రీ.శ. 855) రబీఉల్ అవ్వల్ నెలలో, శుక్రవారం నాడు ఇమామ్ గారు వఫాత్ చెందారు. జనాజాకు బాగ్దాద్ జనం అసంఖ్యాకంగా తరలివచ్చారు. ఆయన తన వసియ్యత్‌లో ఒక మిత్రునికి తాను ఇవ్వవలసిన దాదాపు 50 దీనార్ల అప్పును ఇంటి అద్దెల నుంచి తీర్చమని రాయించారు. అది తీరాక సాలిహ్ పిల్లల్లో ఒక్కొక్కరికీ, ఆడ, మగ తేడా లేకుండా, పదేసి దిర్హమ్‌లు ఇవ్వమన్నారు. తలుపు మూసిన తాత మనుమల్ని మరువలేదు.

సోదర సోదరీమణులారా! ఆ ఇంట్లోనూ అప్పు ఉంది, ఇరుకు ఉంది. కాని ఇరుగుపొరుగు హోదాను చూసి చేసిన ఖర్చు లేదు. అందుకే ఆయన నాలుకకు ఎవరూ వెలకట్టలేకపోయారు. మన నెల ఖర్చుల లెక్క రాసుకునేటప్పుడు, ఏ ఖర్చు మన అవసరం కోసం, ఏ ఖర్చు పదిమంది చూడటం కోసం అని భార్యాభర్తలు కూర్చుని విడదీసుకుంటే చాలు, సగం భారం దిగిపోతుంది. అల్లాహ్ మనకు హలాల్ ఉపాధిని, ఉన్నదానిలో శుభాన్ని ప్రసాదించుగాక. ఆమీన్.