జియాంబాటిస్టా బొడోని

జియాంబాటిస్టా బొడోని (1740 - 1813) ఇటలీకి చెందిన సుప్రసిద్ధ ముద్రాపకుడు, అచ్చు అక్షరాల రూపశిల్పి. లావైన నిలువు గీతలు, వెంట్రుకల వంటి సన్నని కొసగీతలు గల "బొడోని" ఖతులకు ఆయన పేరే పెట్టారు. అదే కాలంలో ఫ్రాన్సులో డిడో కుటుంబం కూడా ఇటువంటి అక్షరాలను రూపొందించింది. కనుక ఈ శైలిని బొడోని ఒక్కడి సృష్టిగా భావించరాదు.

బాల్యం

బొడోని పీడ్‌మాంట్ ప్రాంతంలోని సలుజ్జో పట్టణంలో, ముద్రాపకుల కుటుంబంలో జన్మించాడు. తండ్రి వద్దనే పని నేర్చుకున్నాడు. 1758లో రోము నగరానికి వెళ్ళి, కాథలిక్ మత ప్రచార సంస్థ ముద్రణాలయంలో అక్షరాలు కూర్చే పనిలో చేరాడు. అక్కడ ప్రాచ్య భాషల లిపులతో పరిచయం కలిగింది. 1766లో ఇంగ్లండు వెళ్ళాలని బయలుదేరాడు కాని, అనారోగ్యం వలన సలుజ్జోలోనే ఆగిపోవలసి వచ్చింది.

పార్మాలో

1768లో పార్మా డ్యూక్ ఫెర్డినాండ్ తన ముద్రణాలయాన్ని బొడోనికి అప్పగించాడు. మొదట పారిస్‌కు చెందిన ఫోర్నియే అక్షరాలనే వాడి, వాటిని అనుకరిస్తూ, క్రమంగా బొడోని తన సొంత మార్గం ఏర్పరచుకున్నాడు. 1791లో సొంత ముద్రణాలయం నడుపుకొనేందుకు అనుమతి లభించింది. ఆ తరువాత పార్మా ఫ్రెంచివారి వశమైనా ఆయన పని ఆగలేదు. 1806లో క్రైస్తవుల పరలోక ప్రార్థనను 155 భాషలలో ముద్రించాడు. 1808లో హోమర్ ఇలియడ్ వెలువడింది.

అక్షరాల తీరు

ఆ రోజులలో ఉక్కు కడ్డీ కొసన అక్షరాన్ని చెక్కి, దానిని రాగిపై గుద్ది, ఆ గుంటలో సీసపు మిశ్రమాన్ని పోసి అచ్చు అక్షరం తయారు చేసేవారు. బొడోని చెక్కిన అక్షరాలలో లావు, సన్నం గీతల మధ్య తేడా ఎక్కువ. కొసగీత వంపు లేకుండా నిలువు గీతను తిన్నగా తాకుతుంది. కలం రాత పోకడ దాదాపు కనిపించదు. అంత సన్నని గీతలు గరుకు కాగితంపై సరిగా పడవు. నునుపైన కాగితం, మంచి సిరా, నేర్పుగల పనివారు కావాలి. ఆయన పుస్తకాలలో అంచులు విశాలంగా, పంక్తుల మధ్య ఖాళీ ఎక్కువగా ఉండటానికి కారణం ఆడంబరం ఒక్కటే కాదు. ఆ తెలుపు లేకపోతే నిలువు గీతలు కంటికి మిరుమిట్లు గొలుపుతాయి. చదవడం కన్నా చూడటానికే ఈ పుస్తకాలు చేశాడన్న విమర్శ పూర్తిగా నిరాధారం కాదు. పాఠంలోని తప్పులను ఫెర్మాన్ డిడో ఎత్తి చూపాడు. 19వ శతాబ్దం చివరలో విలియం మోరిస్ ఈ అక్షరాలను తీవ్రంగా నిరసించాడు.

మరణం, అనంతరం

1813లో బొడోని పార్మాలో మరణించాడు. ఆయన అక్షరాల సమగ్ర సంకలనం "మాన్యువాలే టిపోగ్రాఫికో"ను భార్య మార్ఘెరీటా 1818లో రెండు సంపుటాలుగా ప్రచురించింది. ఆమె పట్టుదల లేకుంటే అది వెలుగు చూసేది కాదేమో.

అమెరికాలో మోరిస్ ఫుల్లర్ బెంటన్ 1910 ప్రాంతంలో ఈ అక్షరాలను పునరుద్ధరించాడు. 1920ల చివర వచ్చిన "అల్ట్రా బొడోని", "పోస్టర్ బొడోని" మరీ బొద్దుగా ఉంటాయి. ఇవి బొడోని చెక్కినవి కావు. వీటి మూలం 19వ శతాబ్దపు తొలినాళ్ళలో లండన్‌లో లాటరీ ప్రకటనలకు వాడిన బొద్దు అక్షరాలలో ఉంది. దూరం నుంచి కంటబడటమే వాటి పని. అందుకే అవి శీర్షికలకు, గోడపత్రికలకు తగినవి. చిన్న పరిమాణంలో పుస్తకపు పాఠానికి పనికిరావు. బొడోని స్వయంగా ప్రతి పరిమాణానికీ అక్షరాలను విడిగా చెక్కేవాడు. ఆయన ఉక్కు కడ్డీలు, రాగి అచ్చులు వేల సంఖ్యలో పార్మాలోని బొడోని మ్యూజియంలో భద్రపరచబడ్డాయి.