బస్సు ఆగితే ఆ ‘బుస్’ శబ్దం ఎందుకు? ఎయిర్ బ్రేక్ కనిపెట్టిన వెస్టింగ్‌హౌస్ కథ ఇదీ!

అవనిగడ్డ నుంచి మచిలీపట్నం వచ్చిన బస్సు స్టాండ్‌లో ఆగుతుంది. డ్రైవర్ బ్రేక్ పెడల్ వదలగానే కింద నుంచి ‘బుస్’మని గాలి శబ్దం! రోజూ వింటాం, పట్టించుకోం. కానీ బండి మీదే గాలి తయారుచేసి, ఆ గాలితోనే బండిని ఆపొచ్చని నిరూపించింది 22 ఏళ్ల కుర్రాడు. పేరు జార్జ్ వెస్టింగ్‌హౌస్.

1846 అక్టోబర్ 6న అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో పుట్టారు. తండ్రికి యంత్రాల వర్క్‌షాప్ ఉండేది. పనంతా అక్కడే నేర్చుకున్నారు.

ప్రాణాలతో చెలగాటం

అప్పట్లో రైలు ఆపాలంటే పెద్ద సాహసమే. డ్రైవర్ విజిల్ వేస్తే, బ్రేక్‌మెన్ కదిలే పెట్టెల పైకప్పుల మీద నడుస్తూ ఒక్కో పెట్టెకి చేత్తో బ్రేక్ తిప్పాలి. కాలు జారితే అంతే సంగతులు. ఎందరో అలా చనిపోయారు.

ఆల్ప్స్ పర్వతాల్లో సొరంగం తవ్వడానికి గాలి ఒత్తిడితో నడిచే డ్రిల్లులు వాడుతున్నారని ఆయన ఓ పత్రికలో చదివారు. ఐడియా తట్టింది. ఇంజిన్ మీద కంప్రెసర్, గాలి నిల్వకు ట్యాంకు, పెట్టెలన్నిటికీ గొట్టాలు పెట్టారు. 1869లో పేటెంట్ వచ్చింది.

అసలు మలుపు ఇక్కడే

ఇందులో ఓ లోపం ఉంది. గొట్టం తెగితే గాలంతా పోయి బ్రేకులే పడవు! 1872లో ఆయన లెక్క తిరగేశారు. ప్రతి పెట్టెకీ సొంత గాలి ట్యాంకు ఇచ్చారు. ప్రధాన గొట్టంలో గాలి ఉన్నంతసేపూ బ్రేకులు వదిలి ఉంటాయి, ఒత్తిడి తగ్గితే వాటంతటవే పడతాయి. అంటే లోపం వస్తే రైలు ఆగుతుంది. గుడివాడ మీదుగా వెళ్లే రైల్లో చైన్ లాగినా జరిగేది ఇదే, గొట్టంలోంచి గాలి బయటికి పోతుంది.

1893లో అమెరికా చట్టం చేసి రైళ్లకు ఇలాంటి బ్రేకులు తప్పనిసరి చేసింది.

తర్వాత ఆయన కరెంటు రంగంలోకి దిగారు. టెస్లా పేటెంట్లు కొని, ఈరోజు మన ఇళ్లకు వచ్చే ఏసీ కరెంటును నిలబెట్టారు. 1907 ఆర్థిక సంక్షోభంలో సొంత ఎలక్ట్రిక్ కంపెనీ మీద పట్టు పోగొట్టుకున్నారు. 1914 మార్చి 12న కన్నుమూశారు.

మన డెల్టాలో ఇప్పటికీ..

దివిసీమకు రైలు లేదు, కానీ ఆయన గాలి ఉంది! ధాన్యం లారీలు, బస్సుల్లో ఇంజినే కంప్రెసర్‌ని తిప్పుతుంది. పొద్దున్నే ఇంజిన్ స్టార్ట్ చేసిన డ్రైవర్ వెంటనే కదలకుండా మీటర్ చూస్తున్నాడా? గాలి నిండేదాకా ఆగుతున్నాడన్నమాట. ఆ రెండు నిమిషాలూ తొందరపెట్టకండి!