ఆర్యదేవాచార్యుని చరిత్రము

ఒంటిమిట్టకు బోవు యాత్రికులు కోదండరామాలయమును దర్శించి మరలుదురు. దానికి ననతిదూరమున, చెయ్యేటియొడ్డున, నందలూరుచెంత బౌద్ధస్తూపముల శిథిలములు గలవని యెఱిగినవారు కొలదిమంది. 629–645 నడుమ యాత్ర యొనర్చిన చీనాభిక్షువు హ్యూన్‌త్సాంగు ధాన్యకటకమునుండి దక్షిణమునకు బోవుచు చుళియదేశమును వర్ణించెను. రేనాటిచోళులేలిన యీ కడపసీమయే యది యని కొందఱు చరిత్రకారు లభిప్రాయపడిరి. అచ్చటి ప్రాతవిహారమొకదానిని గూర్చి యతడు వ్రాసిన కథకు నాయకుడు ఆర్యదేవుడు.

ఇతడు క్రీ. శ. 3వ శతాబ్దివాడు. సింహళమున జన్మించెనందురు. నాగార్జునాచార్యుని శిష్యుడు, చతుశ్శతకకర్త. తొలిసారి యితడు వచ్చినపుడు గురువు పలుకక నిండునీటిపాత్రను బంపగా, నితడు దానిలో సూదినొకదానిని విడిచెనట. నీరు గురువు విజ్ఞానము. అడుగంట దిగిన సూది శిష్యుని బుద్ధి.

చుళియయందు ఉత్తరుడను అర్హతుడు గలడని విని యితడు దూరమునుండి వచ్చెను. ఉత్తరునకున్నది యొక్కటే పడక. అతిథికి వేయ చాపయైన లేక, రాలినయాకులు ప్రోవుచేసి వానిపై గూర్చుండ బెట్టెను. సంవాదమున నేడవ ప్రశ్నకు బదులు తోపక, యతడు గుట్టుగా యోగబలమున దుషితలోకమున కేగి మైత్రేయుని నడిగివచ్చి చెప్పెనట. అది మైత్రేయుని జ్ఞానమని ఆర్యదేవుడు పసిగట్టగా, ఉత్తరుడు దాచక యొప్పుకొని, లేచి నమస్కరించెను. లోకాంతరయానమును మేము ప్రమాణముగా గొనము. ఎరవుతెచ్చిన తెలివిని దనదని సాధింపని యా నిజాయితీని మాత్రము మేము న్యాయస్థానములందు వెదకియు నరుదుగ గాంచితిమి.

కుమారజీవుడు చీనాభాషలోనికి దెచ్చిన చరిత్రమున ఆర్యదేవుని మరణము గలదు. వాదమున నోడిన యొకని శిష్యుడు, తన గురుని పరాభవమును సైపక, ఒంటరిగానున్న ఆర్యదేవుని గత్తితో బొడిచెను. గురుభక్తి కొఱత యా శిష్యునియందు లేదు. వానిచే గత్తి బట్టించినది యదియే. మన పాఠశాలలలో గురుభక్తినే సర్వగుణముగ బోధించువారీ సంగతి నాలోచింపవలెను.

ప్రాణమింక గొంత మిగిలియుండగా, ఆర్యదేవుడు తన కాషాయమును, భిక్షాపాత్రను హంతకునకిచ్చి, బాటవెంట బోక కొండదారిబట్టి తప్పించుకొమ్మనెను. తన శిష్యులలో క్షమ యింకను బండనివారు వెన్నాడుదురని యతడెఱుగును. అట్లే వారు రోదించుచు కూడళ్లకు బరుగులిడిరి. పరమార్థమున జంపినవాడును జచ్చినవాడును లేరని తెలిపి, వగవవలదని వారిని వారించి, యాచార్యుడు కన్నుమూసెను.