సుబ్బారావులు ఎందరున్నా.. ఈయన వేరు!

తెలుగునాట సుబ్బారావు లేని ఊరుండదు. ‘ఎంకి పాటలు’ రాసిన నండూరి వెంకట సుబ్బారావు, భావకవి రాయప్రోలు సుబ్బారావు, 1967లో గోలక్‌నాథ్ కేసు తీర్పునిచ్చిన నాటి సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి కోకా సుబ్బారావు.. అందరిదీ ఒకటే పేరు. ఎవరు ఏ సుబ్బారావో తెలిసేది ఇంటిపేరుతోనే. అమెరికా వెళ్లిన ఓ సుబ్బారావుకు మాత్రం ఆ పేరే ఇంటిపేరైంది. ఆయనే యల్లాప్రగడ సుబ్బారావు.

1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. మెట్రిక్ గట్టెక్కడానికి మూడుసార్లు పరీక్ష రాయాల్సి వచ్చింది. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు వేసుకోవడం ఆంగ్లేయ ప్రొఫెసర్‌కు గిట్టలేదు. దాంతో ఎంబీబీఎస్‌కు బదులు ఎల్‌ఎంఎస్ పట్టాతో సరిపెట్టుకున్నారు. అంతకన్నా పెద్ద దెబ్బ ఇంట్లో తగిలింది. స్ప్రూ అనే పేగుల జబ్బు ఇద్దరు సోదరులను రోజుల తేడాలో బలితీసుకుంది. ఆయనకూ అదే జబ్బు సోకినా, డాక్టర్ ఆచంట లక్ష్మీపతి ఆయుర్వేద చికిత్సతో కోలుకున్నారు.

మామగారు, కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ సాయం చేయడంతో 1922లో బోస్టన్ చేరారు. అప్పటికి భార్య శేషగిరి గర్భవతి. పుట్టిన బిడ్డ పసితనంలోనే కన్నుమూశాడు. తండ్రి వాడి ముఖం చూడలేదు. ఆయన మళ్లీ స్వదేశం రాలేదు.

హార్వర్డ్‌లో చదువుకుంటూ, ఖర్చుల కోసం ఆస్పత్రిలో రాత్రిపూట పోర్టర్ పని చేశారు. 1925లో సైరస్ ఫిస్కేతో కలిసి రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతి రూపొందించారు. అది ‘ఫిస్కే-సుబ్బారావ్’ పద్ధతిగా పాఠ్యపుస్తకాలకెక్కింది. కండరాలకు శక్తినిచ్చే ఫాస్ఫోక్రియేటిన్, ఏటీపీలను గుర్తించడంలోనూ ఆయనది కీలక పాత్ర. అయినా హార్వర్డ్ శాశ్వత ఉద్యోగం ఇవ్వలేదు.

1940లో న్యూయార్క్ రాష్ట్రం పెర్ల్ రివర్‌లోని లెడర్లీ ల్యాబొరేటరీస్‌లో చేరాక ఆయన ప్రతిభకు తగిన చోటు దొరికింది. ఆయన బృందం ఫోలిక్ యాసిడ్‌ను ప్రయోగశాలలో తయారు చేసింది. సోదరుల ప్రాణం తీసిన స్ప్రూకు అదే మందుగా పనిచేసింది. నేడు గర్భిణులకు డాక్టర్లు రాసే మాత్రల్లో ఉండేదీ అదే. ఆ పరిశోధనల్లోంచే అమినోప్టెరిన్, మెథోట్రెక్సేట్ పుట్టాయి. అమినోప్టెరిన్‌తోనే బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ రక్తక్యాన్సర్ సోకిన చిన్నారులకు చికిత్స మొదలుపెట్టారు. గోదావరి జిల్లాలను పీడించిన బోదకాలుకు వాడే హెట్రజాన్, తొలి టెట్రాసైక్లిన్ యాంటీబయాటిక్ ఆరియోమైసిన్ కూడా ఆయన సారథ్యంలో వచ్చినవే.

1948 ఆగస్టులో, 53 ఏళ్ల వయసులో నిద్రలోనే తుదిశ్వాస విడిచారు. అప్పటికీ ఆయన అమెరికా పౌరుడు కాదు. నోబెల్ రాలేదు. ఓ శిలీంధ్రానికి ‘సుబ్బారోమైసిస్’ అని పేరు పెట్టి శాస్త్రలోకం గౌరవించింది. శతజయంతి ఏడాది 1995లో భారత ప్రభుత్వం తపాలా బిళ్ల విడుదల చేసింది.

దరఖాస్తుల్లో ‘ఫస్ట్ నేమ్’, ‘లాస్ట్ నేమ్’ గడుల దగ్గర తికమకపడని ప్రవాసాంధ్రులు అరుదు. ఆ తికమకను దాటి, అమ్మానాన్నలు పెట్టిన పేరునే వైద్యశాస్త్రంలో నిలిపిన మనిషి ఈయన. అమెరికాలో పెరుగుతున్న మన పిల్లలకు ఈ సుబ్బారావు గురించి తప్పక చెప్పాలి.